కావలూరు కొండల మీద ఒక రాత్రి

చెన్నై–బెంగుళూరు రైలు మార్గంలో వాణియంబాడిలో దిగి, ఆలంగాయం మీదుగా వెళితే జవ్వాది కొండల్లో కావలూరు వస్తుంది. చిన్న ఊరు. చుట్టూ అడవి. ఆ చీకటిని చూసే వైనూ బాప్పు గారు 1960లలో ఇక్కడ వేధశాలకు స్థలం ఎంచారు. ఆయన బాల్యం హైదరాబాదులో గడిచింది, తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేశారు. కనుక మనకు కాస్త చుట్టరికమే. 2.34 మీటర్ల పెద్ద దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టారు. పాపం, ఆయన 1982లోనే కన్నుమూశారు.

గత ఏప్రిల్‌లో మేము వెళ్ళింది అమావాస్య దగ్గర రాత్రి. ఊరి బయట రోడ్డు పక్కన మిత్రుడు తన చిన్న దూరదర్శిని నిలిపాడు. దక్షిణాన త్రిశంకు నక్షత్రాలకు పైన, కాస్త తూర్పుగా, మబ్బు తునకలాంటి గుండ్రని వెలుగు, దాని నడుమ నల్లటి పట్టీ. సెంటారస్-ఏ అనే గెలాక్సీ. లండన్‌లో ఉన్నవారికి ఇది అసలు ఉదయించదు. ఈ ఒక్క విషయంలో మన దక్షిణాది వారిదే అదృష్టం!

దూరం సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. నునుపైన దీర్ఘవృత్తాకార గెలాక్సీకి ధూళి పట్టీ ఎక్కడిది? ఎప్పుడో కలుపుకున్న మరో గెలాక్సీ ఆనవాలని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

గెలాక్సీలు ఇలా కలిసిపోవడానికి అనువైన చోటు చిన్న గుంపులే. అక్కడ అవి సెకనుకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. వాటి లెక్కకు అది నడకే. వందల గెలాక్సీలున్న మహాసమూహాల్లో వేగం వెయ్యికి అటూ ఇటూగా ఉంటుంది; ఎదురుపడినా ఎక్స్‌ప్రెస్ బళ్ళలా దాటిపోతాయి. నెమ్మదిగా పోయేవి అలా కాదు. ఒకదాని ఆకర్షణకు మరొకదాని నక్షత్రాలు చెదురుతాయి. ఆ చెదరడానికి కావలసిన శక్తి గెలాక్సీల వేగంలోంచే పోతుంది. వేగం తగ్గి, వదిలిపోలేక, మళ్ళీ మళ్ళీ వెనక్కి వస్తాయి. 1972లో టూమ్రే సోదరులు కంప్యూటరు లెక్కలతో ఈ దగ్గరి చూపుల్లో పొడవాటి తోకలు సాగడం చూపించారు.

నక్షత్రాలు ఢీకొనవు, వాటి మధ్య ఎడం అంత ఎక్కువ. వాయువు మాత్రం ఢీకొని కొత్త నక్షత్రాలుగా ఖర్చవుతుంది. చివరికి సర్పిలం చెరిగి, ఎర్రబారిన ముసలి నక్షత్రాల ముద్ద మిగులుతుంది. 1994లో ఒక గుంపంతటికీ సరిపడా వేడి వాయువు నడుమ, చెప్పుకోదగ్గ పెద్ద గెలాక్సీ ఒక్కటే కనిపించింది. మిగతా పెద్దవన్నీ అందులోనే కలిసిపోయాయి కాబోలు.

మరి మన పాలపుంత? 25 లక్షల కాంతి సంవత్సరాల అవతలి ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో ఇటే వస్తోంది. ఢీకొనడం ఖాయమని 2012లో చెప్పారు. చుట్టుపక్కల చిన్న గెలాక్సీల లాగుడును కూడా కలిపిన 2025 నాటి లెక్కలో, రాబోయే వెయ్యి కోట్ల ఏళ్ళలో కలవడానికీ కలవకపోవడానికీ చెరిసగం అవకాశమని తేలింది. ఖాయమన్న మాట కన్నా ఇదే నాకు నచ్చింది.

ఏప్రిల్, మే నెలల్లో వెన్నెల లేని రాత్రులు మంచివి. వేధశాల లోపలికి వెళ్ళదలిస్తే ముందుగా కనుక్కుని బయలుదేరండి. కొండ మీద రాత్రి చలిగా ఉంటుంది, పిల్లలకు శాలువా తీసుకెళ్ళండి.