వెయ్యి వాట్ల చిరాగ్

స్టేజీ మీద లైటు ఆరిపోతే మన జనం ముందు సీటీ కొడతారు, తర్వాత లైట్లు చూసే మనిషిని తిడతారు. వెలిగినంతసేపూ మాత్రం అట్లాంటి మనిషి ఒకడున్నాడని ఎవరికీ యాద్ ఉండదు. ముషాయిరాకు పోయినా, స్కూలు సాలానా జల్సాకు పోయినా, నాటకానికి పోయినా ఇదే కహానీ.

ఇరవై ఏళ్ళకు పైగా అఖ్బార్లలో పనిచేస్తున్నా. ఎన్ని జల్సాలకు పోయానో హిసాబ్ లేదు. పైన ఇనప కమ్మీకి వేలాడే ఆ నల్ల డబ్బాల్లో ఏముంటుందో మాత్రం ఈ ఏడాది మా కడప ఉర్దూ స్కూలు పుణ్యమా అని తెలిసింది. తెలిసింది మీతో పంచుకుందామని రాస్తున్నా. మీ పిల్లల స్కూల్లోనూ ఇట్లాంటి హాలు ఉండొచ్చు. మాడిన బల్బులూ ఉండొచ్చు.

నేను చదివిన స్కూలే అది. హాల్లో ఎనిమిది స్టేజీ లైట్లున్నాయి. గల్ఫ్‌లో పనిచేసిన పాత విద్యార్థి ఒకాయన ఎప్పుడో ఇచ్చిన తోఫా. ఇప్పుడు రెండే వెలుగుతున్నాయి. ఈసారి పదో తరగతి అమ్మాయిలు సొంతంగా ఒక నాటకం రాసుకున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకరు ఉర్దూ మీడియం, ఒకరు తెలుగు మీడియం. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు. సగం ఉర్దూ, సగం తెలుగు. స్క్రిప్టు చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నా. అది నా జిందగీయే కదా. పదో తరగతి దాకా ఉర్దూ, డిగ్రీ తెలుగు.

లైట్ల కోసం పిల్లల అమ్మీలు చందా వేశారు. ఇరవై, యాభై, వంద నోట్లు. బీడీలు చుట్టిన పైసలు, కుట్టుమిషను తొక్కిన పైసలు. మొత్తం పదహారు వేలు. హెడ్మాస్టరమ్మ ఆ కవరు నా చేతిలో పెట్టి, "భాయ్, హిసాబ్ మీరే చూడాలి" అంది. చందా పైసా అంటే అమానత్. ఒక్క బల్బు తప్పుగా కొన్నా ఎవరో ఒక తల్లి వారం రోజుల మెహనత్ మాడి మసైపోయినట్టే.

కమిటీలో రెండు మాటలు. ఒకరు, ఆ పాత డబ్బాలు కబాడీకి వేసి చవక ఎల్‌ఈడీలు కొనేద్దామన్నారు. ఇంకొకరు, వెయ్యి వాట్ల బల్బులే కదా, ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తాయి, ఎనిమిదీ మార్చేద్దామన్నారు. నేను రెండింటికీ హా అనలేదు. నేరుగా లైట్ చాచా ఇంటికి పోయా.

చాచా నలభై ఏళ్ళు నాటకాలకు లైట్లు వేసిన మనిషి. సురభి డేరాల్లో కూడా కొన్నాళ్ళు తీగలు లాగాడు. 1885లో మా జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన ఆ నాటక కుటుంబాల గురించి చెప్పడం మొదలుపెడితే ఆయనకు చాయ్ చల్లారిందని కూడా తెలియదు. ఇప్పుడు ఒక కంటికి మోతియాబింద్ ఆపరేషన్ అయింది, రెండో కన్ను వాయిదాల్లో ఉంది. కొడుకు షాదీఖానాలకు ఎల్‌ఈడీ లైట్లు కిరాయికి ఇస్తాడు. తండ్రీ కొడుకులకు లైట్ల గురించి మాట మొదలైతే ఇంట్లో ఆడవాళ్ళు వంటింట్లోకి జారుకుంటారు.

చాచా హాలుకొచ్చి నిచ్చెన వేయించి మొదటి మాట ఇదే అన్నాడు: "బేటా, కొనే ముందు మాడిన బల్బును చదువు. ముర్దా కూడా తన పేరు చెప్తుంది."

నిజమే. బల్బు అడుగున చిన్న అక్షరాల్లో అన్నీ రాసుంటాయి. మెయిన్ తీసేసి, డబ్బా చల్లారాక బల్బు బయటకు తీసి చూశాం. ఎనిమిదింట్లో ఆరు ఫ్రెనెల్ లైట్లు. ముందు గాజు మీద వలయాలు వలయాలుగా మెట్లుంటాయే, అవి. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఆయన 1820లలో సముద్రం ఒడ్డు దీపస్తంభాల కోసం చేసిన అద్దం అది. మిగతా రెండూ పార్ 64లు. కారు హెడ్‌లైటు మాదిరి అద్దం, రిఫ్లెక్టరు, బల్బు అన్నీ ఒకే ముక్క. 64 అంటే వాట్లు కాదు. అంగుళంలో ఎనిమిదో వంతును ఒకటిగా లెక్కేస్తే అరవై నాలుగు, అంటే ఎనిమిది అంగుళాల వెడల్పు.

ఆరు ఫ్రెనెల్‌లలో ఒకటే బతికుంది. పార్‌లలో ఒకటి బతికుంది.

చాచా చెప్పిన మొదటి సంగతి, బల్బు కాళ్ళు. మా ఫ్రెనెల్ బల్బు మీద జీఎక్స్ 9.5 అని ఉంది. 9.5 అంటే రెండు కాళ్ళ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. జీవై 9.5 అనే జాత్ కూడా ఉంది. అంకె ఒకటే, కాళ్ళ తీరు వేరు. అక్షరం మారితే జోడీ కుదరదు. బలవంతంగా గుచ్చితే హోల్డరు పాడు.

రెండోది, ఎత్తు. కాళ్ళ దగ్గర్నుంచి లోపలి తీగ నడిమి దాకా ఎంత ఎత్తుందో అది ముఖ్యం. మా బల్బుకు 55 మిల్లీమీటర్లు. 500 వాట్ల జీవై 9.5 రకానికి 46.5. తీగ సరిగ్గా వెనక రిఫ్లెక్టరు నడిమికి, ముందు అద్దం నడిమికి రావాలి. కాస్త కిందికో పైకో పోతే బల్బు బాగానే వెలుగుతుంది, రోష్నీ మాత్రం స్టేజీ మీదికి రాకుండా డబ్బాలోనే తిరుగుతుంది. "ఖిబ్లా తప్పిన సఫ్ మాదిరి" అన్నాడు చాచా.

మూడోది, వాట్లు. డబ్బా వీపు మీద ఎంత రాసుంటే అంతకు మించకూడదు. తక్కువ వేస్తే వెలుగు తగ్గుతుంది, అంతే. ఎక్కువ వేస్తే లోపలి తీగల తొడుగు కరుగుతుంది. కింద పిల్లలు నిలబడి ఉంటారు.

నాలుగోది, జమాత్. బ్రిటన్ వాళ్ళు పెట్టిన పేర్లలో 'టీ' అంటే థియేటర్ తరగతి, 'సీపీ' అంటే సినిమా, టీవీ తరగతి. మా డబ్బాలో రెండు రకాల వెయ్యి వాట్ల బల్బులు కూర్చుంటాయి. టీ 19, సీపీ 70. రెండోది ఇంకాస్త తెల్లగా, ఇంకాస్త తేజుగా మండుతుంది. కానీ దాని ఉమర్ 200 గంటల చుట్టుపక్కలే. టీ 19 కాస్త పసుపు, దాదాపు 750 గంటలు నడుస్తుంది. దుకాణంవాళ్ళు వెలుగు చూపించి సీపీ అమ్మాలని చూస్తారు. ఏడాదికి మూడు జల్సాలు చేసే స్కూలుకు ఆ కొంచెం తెలుపు దేనికి? మేం టీ 19 అనుకున్నాం.

పార్‌లకు కూడా రకాలున్నాయి. సీపీ 60 సన్నటి కిరణం, సీపీ 61 మధ్యరకం, సీపీ 62 వెడల్పు. సన్నది పెద్ద స్టేజీలకు, దూరం నుంచి కొట్టడానికి. మా హాలు చిన్నది, అందుకే 62. దాని వెలుగు గుండ్రంగా కాదు, కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. వెనక నుంచి బల్బును తిప్పితే ఆ గుడ్డు అడ్డంగానో నిలువుగానో తిరుగుతుంది. ఇది చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

కొనడానికి చాచా కొడుకూ నేనూ హైదరాబాద్ పోయాం. ట్రూప్ బజార్లో ఒక దుకాణంలో సగం ధరకే టీ 19 మాదిరి బల్బు చూపించారు. కాళ్ళు సరే, వాట్లు సరే. డబ్బా తిప్పి చూస్తే 120 వోల్టులు. అమెరికా కరెంటుకు చేసిన మాల్. మన 230 మీద పెడితే స్విచ్ వేసిన క్షణంలో పోతుంది, పగిలినా పగులుతుంది. అట్లాంటివి రెండేసి వరసగా కలిపి వాడేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఒకటి ఆరితే రెండోది కూడా ఆరుతుంది. కొడుకు ఫోన్లో అడిగితే చాచా ఒకటే అన్నాడు: "సస్తా రోయే బార్ బార్. వాపస్ ఇచ్చెయ్."

వోల్టుల గురించి ఇంకొకటి. హాల్లో రాత్రి మీటరు పెట్టి చూస్తే 236 వస్తోంది. మార్కెట్లో 230 రాసినవీ ఉంటాయి, 240 రాసినవీ ఉంటాయి. రాసినదానికన్నా ఐదు శాతం ఎక్కువ కరెంటు పోతే బల్బు ఉమర్ దాదాపు సగానికి పడిపోతుంది. ఐదు శాతం తక్కువిస్తే ఉమర్ దాదాపు రెట్టింపు, వెలుగు మాత్రం ఆరో వంతు దాకా తగ్గుతుంది. అందుకే 240 రాసినవే తీసుకున్నాం.

ఇక ఎన్ని కొనాలి? ఇక్కడ చాచా లెక్క నాకు చాలా నచ్చింది. ఎనిమిది లైట్లు ఒకేసారి వెలిగిస్తే ఎనిమిది వేల వాట్లు. 230తో భాగిస్తే 35 ఆంపియర్లు. హాలు లైను 32ది. మా చిన్నప్పుడు నాత్ పోటీల మధ్యలో చీకటి ఎందుకయ్యేదో అప్పుడర్థమైంది. ఎనిమిది మార్చడమే గలత్. ముందు వైపు నాలుగు ఫ్రెనెల్‌లు, రెండు పార్‌లు. ఆరు వేల వాట్లు, 26 ఆంపియర్లు. బతికున్న ఫ్రెనెల్ ఒకటి, కొత్త బల్బులు మూడు, చేతిలో ఒకటి ఎక్స్‌ట్రా. పార్‌కు ఒకటి. మిగిలిన రెండు డబ్బాలు రిటైర్.

ఆ రిటైరైనవి కూడా పనికొచ్చాయి. ఒక ఫ్రెనెల్‌లో హోల్డరు నల్లగా కాలిపోయి ఉంది. అట్లాంటి హోల్డర్లో కొత్త బల్బు పెడితే కాళ్ళు వేడెక్కి అది కూడా తొందరగా పోతుంది. చాలా చోట్ల 'కొత్త బల్బు నకిలీ' అని దుకాణంవాణ్ని తిడతారు, దోషం హోల్డరుది. చాచా రిటైరైన డబ్బాలోని మంచి హోల్డరు తీసి ఇందులో బిగించాడు.

మిగిలింది ఎల్‌ఈడీ గొడవ. ఇందులో కొడుకు మాట కూడా నిజమే. వేడి ఉండదు, కరెంటు తక్కువ, రంగు కాగితాలు కాలవు. హాలోజన్ల రోజులు దగ్గరపడుతున్నాయన్నదీ నిజమే. యూరప్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి దీపాల మీద కొత్త కాయిదా అమల్లోకి వచ్చింది. దానికి ముందు 2018లోనే అక్కడి నాటకాలవాళ్ళు గట్టిగా గొడవ చేసి స్టేజీ బల్బుల్లో కొన్ని రకాలకు మాఫీ తెచ్చుకున్నారు.

చాచా జవాబు మాటల్లో ఇవ్వలేదు. నాటకంలో అక్క వేసే అమ్మాయిని స్టేజీ మీద నిలబెట్టాడు. కొడుకు చవక ఎల్‌ఈడీతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెలుపు చేసి వేశాడు. చామనఛాయ మొహం, బూడిద పూసినట్టయింది. పెదాలకూ చెంపలకూ తేడా లేదు. తర్వాత హాలోజన్ వేశాడు. అదే అమ్మాయి, రక్తం ఉన్న మనిషిలా కనబడింది. చాచా డిమ్మరు మెల్లగా దించుతుంటే వెలుగు తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి నారింజకు జారింది, మగ్రిబ్ వేళ ఆకాశంలా. ఎల్‌ఈడీని దించితే రంగు మారదు, చప్పున చీకటవుతుంది. పాత డిమ్మరు మీద పెడితే కన్ను కొట్టినట్టు మినుకుతుంది కూడా. రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించే గుణానికి వందకు కొలత ఉంది, తొంభైకి పైన వచ్చే మంచి స్టేజీ ఎల్‌ఈడీలున్నాయి. అవి పదహారు వేలకు రావు.

"మా పిల్లల మొహాలు మొహాల్లా కనబడాలి" అంది హెడ్మాస్టరమ్మ. ఫైసలా అయిపోయింది. మొహాల మీద తండ్రి హాలోజన్, వెనక పర్దా మీద కొడుకు ఎల్‌ఈడీ. రాత్రి సీను నీలం, పెళ్ళి సీను ఎరుపు కొడుకువి. కొడుకు కిరాయి తీసుకోనన్నాడు. చాచా ఆ రోజు మొదటిసారి వాడి డబ్బాను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "హల్కా హై" అన్నాడు. అంతకుమించి తారీఫ్ ఆయన నోట రాదు.

బల్బులు బిగించేటప్పుడు చాచా ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. ఆ గాజు మామూలు గాజు కాదు, క్వార్ట్జ్. మన వేళ్ళ చెమట, జిడ్డు అంటుకుంటే ఆ వేడికి ఆ చోటే గాజు పాడై, ఉబ్బి, పగులుతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. వేలు తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. ఇంకొకటి, చల్లటి తీగకు ఒక్కసారిగా నిండు కరెంటు ఇస్తే చాలాసార్లు అప్పుడే తెగుతుంది. నాటకానికి ముందు కొన్ని నిమిషాలు డిమ్మరును పదో వంతు మీద ఉంచి వేడెక్కించాలి. "నిద్రపోయేవాణ్ని తన్ని లేపుతావా?" అన్నాడు.

కలకత్తా తాపస్ సేన్ పేరు ఆ రోజే చాచా నోట విన్నా. 1959లో 'అంగార్' నాటకంలో గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చే సీను వట్టి వెలుగుతోనే చేసి జనాన్ని వణికించిన మనిషి. "ఆయన దగ్గరున్నవి కూడా తీగ బల్బులే బేటా" అన్నాడు చాచా.

పదహారు వేలల్లో మిగిలిన పైసలతో సహా హిసాబ్ నోటీసు బోర్డు మీద అంటించాం. ఒక తల్లి వచ్చి వేలుపెట్టి ప్రతి వరసా చదివించుకుని పోయింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆఖర్న ఒక పని మిగిలింది. ఈసారి బల్బు మాడినప్పుడు చాచా ఉంటాడో లేదో. ఏ డబ్బాకు ఏ బల్బో దాని మీదే రాయాలన్నాడు. చాచాకు తెలుగు చదవడం రాదు. కొడుక్కి ఉర్దూ చదవడం రాదు. తెల్ల పెయింటు డబ్బా, బ్రష్షు నా చేతికిచ్చారు. చాచా చెప్తుంటే ఒక పక్క ఉర్దూలో కుడి నుంచి ఎడమకు రాశా, ఇంకో పక్క తెలుగులో ఎడమ నుంచి కుడికి. టీ 19, వెయ్యి వాట్లు, 240 వోల్టులు, జీఎక్స్ 9.5. కొడుకు తెలుగు వైపు చదివాడు, చాచా ఉర్దూ వైపు కంటికి దగ్గరగా పట్టుకుని చదివాడు. సరిపోయిందన్నాక నిచ్చెన ఎక్కి పైకి తగిలించాం.