సాపర్ అను పేరు

కొన్ని యేండ్ల క్రిందట మా పొరుగింటి పిన్నిగారి కుమారుడు సైన్యమున జేరెను. తాను సాపర్ నైతినని బెంగుళూరిలోని మద్రాసు ఇంజనీరు దళమునుండి జాబు వ్రాసెను. ఆమె దానిని మాచే చదివించుకొని, "అది యెన్నవ మెట్టమ్మాయీ?" యని యడిగెను. మొదటి మెట్టనియు, శత్రువుల కోటవరకు కందకము త్రవ్వువాడని యా పేరునకు పూర్వార్థమనియు చెప్పితిమి.

ఆమె మొగము చిన్నబోయెను. "మన్ను త్రవ్వుటకా బిడ్డను పంపితిని?" అనెను.

మేము తెలిసినంత చెప్పితిమి. ఈ మెట్టువానిని ఆంగ్లేయులును అమెరికావారును ప్రైవేట్ అందురు. ఫ్రెంచివారు సోల్దా అందురు. మన సైన్యమున కాల్బలమువాడు సిపాయి, ఫిరంగిదళమువాడు గన్నర్, టాంకుల దళమువాడు సవారు. 2022 నుండి క్రొత్తగా చేరువారు మొదటి నాలుగేండ్లు అగ్నివీరులు. 1914 అక్టోబరు 31వ తేదీన బెల్జియములో, తాను గాయపడియు, తోడివా రైదుగురును కూలువరకు మరతుపాకిని విడువని ఖుదాదాద్ ఖాను వట్టి సిపాయియే. భారతీయ సైనికులలో మొట్టమొదట విక్టోరియా క్రాసు నందినవా డతడే.

"వంతెన కట్టువాడును, మందుపాతర తీయువాడును సాపరే. అతడు త్రోవ చేయనిదే సేనాని యడుగు వేయజాలడు" అంటిమి.

"అయినచో మావాడు అందరికంటె ముందు నడచునా?" అని యామె మెల్లగా నడిగెను. గౌరవము నిలుపబోయి గుండెలో గుబులు పెట్టితిమి! మాకు బదులు తోచలేదు.

కొంతసేపటికి కన్నులు తుడుచుకొని, ప్రత్యుత్తరము వ్రాయించెను. చిరునామాలో కుమారుని పేరునకు ముందు "సాపర్" అని పెద్ద యక్షరములతో వ్రాయుమనెను.