మా చుక్క వైద్యం

మారతహళ్ళిలో మా మూడో అంతస్తు నుంచి పడి మా పిల్లి చుక్క కాలు విరిగింది. ప్రైవేటు క్లినిక్‌లో ఆపరేషన్‌కు 25,000 రూపాయలన్నారు. నాన్న పెయింటు పనిలో నెలంతా కష్టపడినా అంత రాదు. మనుషులకున్నట్టు దానికి బీమా లేదు. నొప్పికి పారాసెటమాల్ వేద్దామని అమ్మ అంటే, మందుల షాపు అన్న “అది పిల్లులకు విషమక్కా!” అని ఆపాడు. హెబ్బాళలో 1958 నుంచి ఉన్న ప్రభుత్వ పశువైద్య కళాశాల ఆసుపత్రికి పొమ్మని ఆయనే చెప్పాడు.

“పిల్లికి ఇంత అవసరమా?” అని పక్కింటి అత్త అడిగింది. “మనింట్లో అన్నం తినే ప్రాణం కదమ్మా” అన్నారు నాన్న. ఒకరోజు కూలి వదులుకుని, చుక్కను అట్టపెట్టెలో పెట్టుకుని నాతో రింగురోడ్డు బస్సెక్కారు. అక్కడ తక్కువ ఖర్చుతో వైద్యం చేశారు.

చుక్క ఇప్పుడు కుంటుతూనే ఇల్లంతా తిరుగుతోంది. మేం రోజూ డబ్బాలో ఐదు రూపాయలు వేస్తున్నాం. దానికి అదే బీమా.