థకారంలో చుక్క

రెండు గంటల నలభై నిమిషాలు బుద్ధిగా నడిచిన యంత్రం చివరి ఐదు నిమిషాలలో నా కొంప ముంచింది. టేకు పలక మీద అక్షరాలన్నీ ఉబ్బెత్తుగా, చక్కగా లేచి నిలబడ్డాయి. ఇక మిగిలినది 'థ' ఒక్కటే. దాని కడుపులోని చుక్క చుట్టూ ఉన్న కొయ్యను మొన తొలుస్తున్నది. టప్పున చిన్న చప్పుడు. ఆపే మీట నొక్కి, రజను ఊది చూద్దును గదా, చుక్క లేదు! ఎక్కడ పడిందో వరండా అంతా వెదికినా దొరకలేదు. పలక మీద 'నాథ' కాస్తా 'నాధ' అయి కూర్చున్నది.

చదువరులు నవ్వవచ్చు. కానీ ముప్పది నాలుగేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడికి ఆ చుక్క విలువ తెలుస్తుంది. రఘునాధుడు, విశ్వనాధుడు, అనాధ, కధ, రధము... ఎన్ని వేల చోట్ల ఎఱ్ఱసిరాతో చుక్క పెట్టి ఉంటానో లెక్కలేదు. ఇప్పుడు నా చేతుల మీదుగానే, అదీ చెరపడానికి వీలులేని కొయ్య మీద, ఆ తప్పు జరిగింది.

ఆ పలక నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారి ఇంటికోసం. పేరు ఇక్కడ వ్రాయను, చివర 'నాథ' శబ్దం ఉన్నదని చెబితే చాలు. ఆయన పోయి ఏడాది కావస్తున్నది. సంవత్సరీకం నాటికి ఇంటి గోడకు ఆయన పేరుతో ఒక పలక ఉంటే బాగుంటుందని వదినగారు అడిగారు. "రంగురంగుల ఫ్లెక్సీ వద్దు తెలుగు సారూ, ఎండకు రెండేండ్లల్ల తెల్లగైతది" అన్నారు.

యంత్రం నాది కాదు, మా అబ్బాయిది. సరదాపడి తెప్పించి, విడిభాగాలు బిగించి, నెలరోజులు ఆడి, ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోయాడు. దానిని మూడువేల పద్ధెనిమిది అంటారట. పేరు చూసి ఏదో సంవత్సరమనుకున్నాను. తీరా చూస్తే అది చెక్కగల మేర: 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, పైకీ క్రిందికీ ఒకటి, మూడు మోటార్లు మొనను నడిపిస్తాయి. మొన గిరగిర తిరగడానికి వేరొక మోటారు. దానికిచ్చే ఆజ్ఞలు నాకు వ్యాకరణ సూత్రాలలాగానే కనిపించాయి. జీ సున్న అంటే కోయకుండా వేగంగా పొమ్మని. జీ ఒకటి అంటే కోస్తూ తిన్నగా పొమ్మని. జీ రెండు సవ్యంగా, జీ మూడు అపసవ్యంగా తిరగమని. అల్పాక్షరాలలో అనల్పార్థం! పాణిని చూస్తే సంతోషించేవాడు.

అయితే తెలుగు వ్రాయించడం అంత సులువుగా కుదరలేదు. అబ్బాయి కలనయంత్రంలో పెట్టిపోయిన చెక్కుడు సాఫ్టువేరులో 'శ్రీ' అని కొడితే శకారం ఒకచోట, రేఫ ఇంకొకచోట, గుడిదీర్ఘం వేరొకచోట! 'లక్ష్మీ'ని మూడు ముక్కలు చేసింది. గుణింతాలను, ఒత్తులను కలిపి కూర్చే నేర్పు ఆ సాఫ్టువేరుకు లేదు. అబ్బాయి ఫోనులో ఉపాయం చెప్పాడు: ఇంక్‌స్కేపులో యూనికోడు తెలుగులో వ్రాసుకుని, అక్షరాలను గీతలుగా మార్చి, ఆ బొమ్మను యంత్రానికి ఇవ్వాలట. గీతలుగా మారిన తరువాత అది తెలుగో, తీగో, పూవో యంత్రానికి అనవసరం. కనుక తప్పొప్పుల బాధ్యత మనదే.

తరువాత ఖతి. మొదట దేశికాచార్యులవారి పోతన తీసుకున్నాను. బమ్మెర మాకు దగ్గరి ఊరు, ఆ అభిమానమొకటి. కాగితం మీద ముచ్చటగా ఉన్నా, నా మొనకు ఆ సన్నని గీతలు నిలువలేదు. సిలికానాంధ్రవారు ఉచితంగా విడుదల చేసిన వాటిలో లావుగా ఉండే రామభద్రను ప్రయత్నించాను. అందులో అక్షరం గట్టిగా నిలుస్తుంది, కానీ లోపలి ఖాళీలు చిన్నవై మొన దూరదు. తాటాకు మీద గంటంతో వ్రాసిన కాలంలో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని మన అక్షరాలు గుండ్రబడ్డాయంటారు. కొయ్యలోనూ ఆ సంగతి ఉన్నది. టేకు నార పొడవునా మొన నడిచినంతసేపు నున్నగా వస్తుంది, నారకు అడ్డం తిరిగితే అంచు లేస్తుంది. తెలుగక్షరం ప్రతి వంపులోనూ అడ్డం తిరుగుతుంది మరి!

చుక్క ఎందుకు ఎగిరిందో తరువాత ఆలోచిస్తే అర్థమైంది. దాని వెడల్పు రెండు మిల్లీమీటర్లు, ఎత్తు మూడు. పలక నార అడ్డంగా సాగుతున్నది. అంటే ఆ చుక్కలోని నార పొడవు రెండు మిల్లీమీటర్లే. మిగిలిన అక్షరం తీగలాగా ఒకదానినొకటి పట్టుకుని నిలుస్తుంది. చుక్క ఒంటరిది. ప్రక్కనుండి మొన తగిలేసరికి ఊడింది.

ఆ ఒంటరి చుక్క వయస్సు మాత్రం తక్కువది కాదు. అశోకుని శాసనాల బ్రాహ్మీలిపిలో థకారం ఒక వలయం, దాని నడుమ ఒక చుక్క. అంతే. రెండువేల రెండువందల యేండ్లలో వలయం విచ్చుకుంది, తలకట్టు వచ్చింది, క్రింద ఒత్తు చేరింది. చుక్క మాత్రం అట్లాగే ఉన్నది. ఈ మాట మాస్టారికి ఒకసారి స్టాఫురూములో చెబితే, "మా థీటా కడుపులో గీత ఉంటది, మీ థాకు చుక్క. ఇద్దరం చుట్టాలమే" అన్నాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుని శాసనం దగ్గరకు పిల్లలను తీసుకువెళ్ళినప్పుడల్లా ఆయన కూడా వచ్చేవాడు. చదవడం రాకపోయినా, వరుసలు వంకరపోకుండా ఆ రాతి మీద ఎట్లా కొలిచి ఉంటారని అడిగేవాడు. ఉలి జారితే శిల్పి ఏమి చేసేవాడని కూడా ఒకసారి అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

చుక్క పోయిన మరునాడు వదినగారే పలక చూడటానికి వచ్చారు. దాచుదామనుకున్నాను, వీలుపడలేదు. ఆమె కొంగుతో రజను తుడిచి, వేలితో ఒక్కొక్క అక్షరం తడిమి, "మంచిగున్నది సారూ" అన్నారు. నేను తప్పు చూపించి, ఇంకొకటి చేస్తానన్నాను. ఆమె ముఖం మారిపోయింది.

"వద్దు సారూ, గిట్లనే ఉండనీయుండ్రి. కాగితాలల్ల గిట్లనే ఉన్నది."

సంగతి నాకప్పుడు తెలిసింది. సర్వీసు పుస్తకంలో ఏ గుమాస్తానో ఎప్పుడో 'నాధ' అని వ్రాశాడు. బ్యాంకులో మాత్రం 'నాథ'. ఆయన పోయిన తరువాత ఆ తేడా పట్టుకుని కుటుంబ పింఛను కాగితాలను ఒక కార్యాలయంవారు రెండుసార్లు త్రిప్పి పంపారట. అయిదు నెలలు ఆమె తిరిగారు. చివరికి అన్నిచోట్లా చుక్క లేని పేరుకే ఒప్పించి, పింఛను తెచ్చుకున్నారు. గోడ మీద చుక్క చూసి మళ్ళీ ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఆమె భయం.

నేనేమి చెప్పను? గోడ మీది పలకను ఏ కార్యాలయమూ చూడదన్నాను. ఆమె నమ్మలేదు. ఇన్నాళ్ళు తిరిగిన మనిషి ఎందుకు నమ్ముతుంది? నిజానికి నా పాండిత్యానికీ అంత బలం లేదు. ధాతుపాఠంలో నాథృ, నాధృ అని రెండు ధాతువులూ ప్రక్కప్రక్కనే, ఒకే అర్థాలలో ఉన్నాయి. చిన్నప్పుడు గురువుగారి ముందు వల్లించినవాడినే గాని, బడిలో ఏ పిల్లవాడికీ ఆ మాట చెప్పలేదు. చెబితే ఎఱ్ఱసిరాకు విలువ ఉండదని. ఇప్పుడూ వదినగారికి చెప్పలేకపోయాను. శబ్దం మాట ఎట్లా ఉన్నా, ఆ మనిషి పేరు ఆ మనిషి పెట్టుకున్నట్లే ఉండాలి కదా అని మాత్రం అన్నాను.

ఆమె ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. నాలుగు రోజుల తరువాత మనుమడితో ఒక పుస్తకం పంపారు. లాగరిథమ్ పట్టికలు, అట్ట ఊడిపోయింది. మొదటి పుటలో ఆయన తెలుగు సంతకం. థకారంలో చుక్కను కలంతో ఎంత గట్టిగా పొడిచాడంటే వెనుక పుటకు చిల్లు పడింది. ఆ పిల్లవాడు, "నాయనమ్మ గిట్లనే చేయమన్నది తాతా" అన్నాడు.

ఈసారి ఉబ్బెత్తు మానుకున్నాను. అక్షరాలను లోపలికే చెక్కించాను. సూదిమొన ఉన్న పనిముట్టు పెట్టి, ఒక్కొక్క విడతకు అర మిల్లీమీటరు కన్న లోతు దిగకుండా. చుక్క ఇప్పుడు కొయ్య కాదు, గుంట. గుంట ఎగిరిపోదు. గీతలలో నల్లరంగు నింపి, ఆరిన తరువాత పైన గరుకు కాగితంతో రుద్దితే అక్షరాలు మాత్రం నల్లగా మిగిలాయి. చుక్కను యంత్రం సరిగానే చేసింది, అయినా చేతిబరమాతో మరికొంచెం లోతుగా నేనే తొలిచాను.

సంవత్సరీకం నాడు పలకను గోడకు నాలుగు మరలతో బిగించాము. వదినగారు బొట్టు పెట్టి, కాసేపు నిలబడి చూశారు. నేను చెప్పులు వేసుకుంటుండగా, "మొదటిది పారేసిండ్రా సారూ?" అని అడిగారు. లేదన్నాను. అది కూడా ఇమ్మన్నారు. ఇప్పుడది వాళ్ళ బీరువాలో పింఛను కాగితాల సంచిలోనే ఉన్నది. "ఎవరన్న అడిగితే ఇది చూపిస్త" అన్నారామె.