ఎండా, బండా, వంకర కాళ్లూ

మట్టిరోడ్డు మీద ఆ కుక్కను చూసి ఎవరూ జాలిపడరు. ముందరి కాళ్లు రెండూ బయటికి వంగి, పాదాలు చెరోవైపు తిరిగి ఉన్నా, పందుల్ని తరమడంలో మా వీధిలో దాన్ని మించింది లేదు. అదే కుక్క ఎదురింటి గడప దాటిందా, అవిటిదైపోతుంది. పాలిష్ పట్టిన కడప బండల మీద కాళ్లు చెరో దిక్కుకూ జారిపోతే, రొమ్ము నేలకానించి దేక్కుంటూ గిన్నె దగ్గరికి చేరుతుంది.

మన సీమలో నేలంటే బండే. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఇటు యర్రగుంట్ల, జమ్మలమడుగు, ఎక్కడ తవ్వినా నాపరాయి. అరుగుకు బండ, గోడకు బండ, మిద్దెకు బండ. అదంతా సున్నపురాయే. ఇంత సున్నం మీద పుట్టిన కుక్కపిల్లలకు ఎముకల్లో మాత్రం సున్నం చాలదు.

ఎండ సంగతీ అంతే. మే నెలలో కర్నూలు, కడపల్లో 43, 44 డిగ్రీలు మాకు వింత కాదు. పసిబిడ్డకు మల్లే కుక్కపిల్లకూ ఎండ చూపిస్తే కాళ్లు గట్టిపడతాయని నమ్మేవాళ్లున్నారు. మన చర్మం ఎండలో డి విటమిన్ తయారు చేసుకుంటుంది, కుక్క చర్మానికి ఆ విద్య దాదాపు లేదు. దానికి అది గుడ్డుసొనలోంచో, కార్జంలోంచో, చేపనూనెలోంచో రావాల్సిందే. ఇక ఎముక లేని మాంసం మాత్రమే పెట్టి ముద్దుగా పెంచేవాళ్ల ఇళ్లలో ఇంకో చిక్కు. ఆ మాంసంలో క్యాల్షియం ఒక వంతుంటే భాస్వరం పదిహేను, ఇరవై వంతులు. ఆ తేడా పూడ్చడానికి ఒళ్లు తన ఎముకలనే కరిగించుకుంటుంది. అలాగని క్యాల్షియం మాత్రలు గుప్పించకూడదు, పెద్ద జాతి పిల్లలకు అది ఎక్కువైనా కాళ్లు వంకరపోతాయి.

అన్ని వంకరలూ తిండి వల్ల రావు. కుక్క ముంజేతిలో రెండెముకలుంటాయి. వాటిలో అల్నా పొడవులో సుమారు 85 శాతం మణికట్టు పక్కనున్న ఒక్క ఎదుగుదల పొర నుంచే వస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఏ బైకో తగిలి ఆ పొర నలిగితే అల్నా ఆగిపోతుంది, పక్కనున్న రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వింటికి నారి బిగించినట్టు పొట్టి ఎముక పొడవుదాన్ని వంచేస్తుంది. కుంటు తగ్గింది కదా అని మనం మరిచిపోయాక, ఎప్పటికో వంకర బయటపడుతుంది. అందుకే దెబ్బ తగిలిన పిల్లను నడుస్తోంది కదా అని వదిలేయకుండా, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకో తిరుపతికో తీసుకుపోయి చూపించాలి. ఎదిగే వయసులో పట్టుకుంటే చేయగలిగిన పని ఒకటి, ఎదుగుదల ఆగాక ఎముక కోసి సరిచేయడం మరొకటి.

మనిషికి జైపూర్ పాదం 1968లో వచ్చింది. డాక్టర్ సేఠీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి చేసింది. ఆ ఊళ్లోనే పశువైద్యుడు తపేశ్ మాథుర్ కాలు పోయిన దూడలకు, కుక్కలకు ‘కృష్ణ లింబ్’ పేరుతో కృత్రిమ కాళ్లు అమరుస్తున్నారు. గొప్ప పని. కానీ మన కుక్కకు కాళ్లున్నాయి, వంకర అంతే. పీవీసీ పైపులూ పిల్లల సైకిలు చక్రాలూ కలిపి చేసే బండి వెనక కాళ్లు చచ్చుబడిన కుక్కకు వరం. ముందరి కాళ్లకు అంత సులువుగా కుదరదు. కుక్క బరువులో 60 శాతం దాకా మోసేది ఆ కాళ్లే. పైగా బండి కట్టిన కుక్క హాయిగా పడుకోలేదు, రోజంతా ఉంచకూడదు. అయినా బండి కుక్కకే ఫోటోలు. గోనెసంచికి ఎవరు తీస్తారు?

మా ఎదురింటి జేజి చేసింది ఆ గోనెసంచి పనే. గడప నుంచి గిన్నె దాకా బుడ్డల గోన్లు పరిచి, అంచులు కదలకుండా రాళ్లు పెట్టింది. కుక్క లేచి నడిచింది. “కాలికి పట్టు దొరికితే పోతాదబ్బీ” అని ఒక్క మాటతో తేల్చేసింది. మిగతావి చిన్న పనులే. గోళ్లు పెరగనీయకుండా కత్తిరించాలి. నేలకు ఒరుసుకునే మణికట్టుకు పాత మేజోడు తొడగాలి, రక్తం ఆగేట్టు బిగించకూడదు, రాత్రికి విప్పేయాలి. మధ్యాహ్నం మాత్రం బండల మీదికి పంపకూడదు. మామూలు కుక్క కాళ్లు మార్చి మార్చి ఎత్తుతూ నీడకు పరిగెత్తగలదు, బండల మీద జారిపోయే దీనికి అది చేతకాదు.

అన్నిటికన్నా కష్టమైంది ముద్ద తగ్గించడం. ఒంట్లో పెరిగే ప్రతి కిలో ఆ వంకర మణికట్ల మీదే పడుతుంది. వీధిలో ప్రతి ఇంటివాళ్లూ ‘పాపం, కుంటిది’ అని దానికే రెండు ముద్దలు ఎక్కువ వేస్తారు. వద్దని చెప్పి చూడండి, మీ అంత కఠినాత్ములు లేరంటారు.