దవడ కట్టు

మా ఇంట్లో గురకకి మంచి పేరే ఉండేది. నాయన గురక పెడుతున్నాడంటే ఆ రోజు చేలో పని బాగా జరిగిందని లెక్క. ఏన్కూరులో మా అరుగు మీద ఆయన పడుకుంటే కొత్తగూడెం పోయే లారీల మోత కూడా వినబడదని అమ్మ నవ్వేది. గురక ఉన్నట్టుండి ఆగేది. కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. తర్వాత ఉలిక్కిపడ్డట్టు పెద్ద ఊపిరి. ఆ ఆగడానికి స్లీప్ ఆప్నియా అని పేరుందని నాకు హైదరాబాదులో, నా ముప్పై తొమ్మిదో ఏట తెలిసింది.

ఒళ్లంతా వైర్లు అంటించి ఒక రాత్రి పరీక్ష చేశారు. గంటకి సగటున 34 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందట. 30 దాటితే తీవ్రమే. సీపాప్ మిషన్ రాశారు. 1981లో సిడ్నీ డాక్టరు కాలిన్ సల్లివన్ లోకానికి చెప్పిన పద్ధతి ఇది: ముక్కులోంచి గాలిని ఒత్తిడితో పంపితే, నిద్రలో కూలిపోయే గొంతుకి ఆ గాలే గుంజలా నిలబడుతుంది.

నా ఇబ్బందల్లా నోటితో. నిద్రలో నోరు తెరుచుకుంటే ముక్కులో దూరిన గాలి అటునుంచే బయటికి పోతుంది. పైపుకి చిల్లు పడ్డ మోటారు లాగే, మిషన్ తిరుగుతుంది గానీ గొంతులో ఒత్తిడి నిలవదు. పొద్దున లేస్తే నాలుక అంగిటికి అతుక్కుని ఉంటుంది. పైగా ఆ పొడిగాలికి ముక్కు లోపల వాచి బిగుసుకుపోతుంది. ముక్కు బిగిస్తే నోరు ఇంకా తెరుచుకుంటుంది.

చిన్ స్ట్రాప్ కొన్నా. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా పట్టీ. ఫిబ్రవరిలో మిర్చి కోతలకి ఊరెళ్లి, అది పెట్టుకునే పడుకున్నా. తెల్లారుజామున అమ్మ లైటేసింది.

"తీసెయ్ రా... ముందది తీసెయ్."

చేతులు వణుకుతున్నాయి. నాకు వెంటనే అర్థం కాలేదు. నాయన నిద్రలోనే పోయాడు, నోరు తెరుచుకుని. ఎవరో గుడ్డ అడిగితే అమ్మే తన పాత చీర చింపి ఇచ్చింది. గడ్డం కింద నుంచి నెత్తి మీదికి కట్టారు.

ఆ చావుకీ ఆ గురకకీ సంబంధం ఉందా అని నేను డాక్టర్ని ఇప్పటికీ అడగలేదు.

పట్టీ బ్యాగులోకి పోయింది. నోటికి టేపు వేసుకోమని ఒక స్నేహితుడన్నాడు. డాక్టరు వద్దన్నారు: ముక్కు దిబ్బడేసినప్పుడు, వాంతి వచ్చినప్పుడు నోరు మూసి ఉంటే ప్రమాదం. కల్లంలో మిర్చి ఘాటుకి నా ముక్కు ఎప్పుడూ దిబ్బడే కదా. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మొదలుపెట్టా, కాచి చల్లార్చిన నీళ్లతోనే. హ్యుమిడిఫయర్ పెంచా. పెంచితే పైపులో నీరు పట్టి అర్ధరాత్రి మొహాన చుక్కలు! పైపుని దుప్పట్లో దూర్చాక ఆ గొడవ తగ్గింది. చివరికి ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కుకి మారా. అందులో నోరు తెరిచినా ఒత్తిడి పోదు. గడ్డం పెరిగితే మాత్రం అంచుల్లోంచి గాలి కారుతుంది, రోజూ గీసుకోవాల్సిందే.

ఈసారి అమ్మ కాసేపు చూసి, "వినాయకుడిలా ఉన్నావ్" అంది.

మొన్న గాలివానకి రాత్రి రెండింటప్పుడు కరెంటు పోయింది. నాకంటే ముందు అమ్మే లేచి భుజం తట్టింది.

"ఒరేయ్, చప్పుడు ఆగింది. లే."