గుంటెడు జాగా

ఊరికొక గ్రామదేవత ఉన్నట్టే నగరానికొక ఆటల వీరుడుంటాడు. ఇటలీలోని నేపుల్స్ నగరం మారడోనాను దేవుడిలా కొలిచింది. 2020లో ఆయన కన్నుమూస్తే తమ స్టేడియానికి ఆయన పేరే పెట్టుకుంది. అంత దూరం ఎందుకు? మనం చదువుకుంటున్న ఈ హైదరాబాదు మాత్రం తక్కువ తిన్నదా? 2001 మార్చిలో ఒకే వారంలో ఈ నగరం బిడ్డలిద్దరు దేశం మొత్తాన్ని ఊపేశారు. బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. కలకత్తాలో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేశాడు. అప్పటికి నేనింకా పుట్టలేదు. అయినా ఆ సంగతులు మా ఇంటి ముచ్చట్లలాగే నాకు తెలుసు. వీరులంటే అంతే మరి. చూడనివాళ్ళకు కూడా వాళ్ళు చుట్టాలే.

నగరం ఆ వీరులకు బ్రహ్మరథం పడుతుంది సరే, వాళ్ళ వల్ల నగరానికి మిగిలేదేమిటి? ఈ ప్రశ్న చాలా రోజులుగా నన్ను వదలడం లేదు. దానికి కారణం మా చెల్లె.

మాది సూర్యాపేట దగ్గర చిన్న పల్లె. నాలుగెకరాల వ్యవసాయం. 2016 ఆగస్టు 19 సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు వాడకట్టంతా కూర్చుంది. రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు ఫైనల్ ఆడుతోంది. అప్పుడు నేను ఆరో తరగతి, చెల్లె రెండో తరగతి. ఆట నియమాలు మాలో ఒక్కరికీ సరిగ్గా తెలియవు. షటిల్ అవతలివైపు కింద పడితే చప్పట్లు, ఇవతల పడితే "అయ్యో" అనడం, అంతే. మొదటి గేమ్ 21-19తో సింధు గెలిచింది. ఈలలతో ఇల్లు దద్దరిల్లింది. తర్వాతి రెండు గేములు 12-21, 15-21తో స్పెయిన్ అమ్మాయి మారిన్ గెలుచుకుంది.

"ఓడిపోయిందా బిడ్డ?" అని అడిగింది మా నాయనమ్మ.

"ఓడినా వెండి పతకం వస్తదే" అన్నాను.

"ఇంకేంది మరి, ఏడుస్తరెందుకు?" అంది ఆమె.

మూడు రోజుల తర్వాత సింధును, ఆమె గురువు గోపీచంద్‌ను పైకప్పు లేని బస్సులో ఊరేగిస్తూ శంషాబాద్ విమానాశ్రయం నుంచి గచ్చిబౌలి స్టేడియానికి తీసుకువెళ్ళారు. అది కూడా టీవీలో చూశాం. నేను ఆ పూలు, ఆ జనం, ఆ బస్సు చూశాను. చెల్లె చూసింది వేరు. "అన్నా, ఆ గీతలు మన కళ్ళంల గీద్దామా?" అంది.

కోర్టు కొలతలు బడిలో సారును అడిగి రాసుకొచ్చాను. 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. నాయన కళ్ళంలో అడుగులు వేసి చూసి, "గుంటెడు జాగ గూడ పట్టదు గదరా!" అని నవ్వాడు. అమ్మ ముగ్గుపిండి ఇచ్చింది. రెండు తుమ్మకట్టెలు పాతి, చిరిగిన చేపల వల ఒకటి కట్టాం. సాయంత్రం గాలికి ప్లాస్టిక్ షటిల్ ఎగిరి పక్కన పత్తి చేనులో పడేది. ఎక్కడ పడినా వెతికి తెచ్చేది చెల్లే. ఏడాది తిరిగేసరికి నేను ఆమె మీద గెలవడం మానేశాను. మానేశాను అంటున్నాను గాని నిజానికి గెలవలేకపోయాను.

మండలంలో, ఆ తర్వాత జిల్లాలో ఆడింది. ఆమె తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వ్యాయామం సారు ఇంటికి వచ్చి, "ఈ పిల్లను ఇక్కడ ఉంచకండి, హైదరాబాదు తీసుకపోండి" అని చెప్పాడు. నాయన తీసుకువెళ్ళాడు. ఒక శిక్షణ కేంద్రంలో ఆమె ఆట చూసి బాగుందన్నారు. ఆ తర్వాత ఫీజు, వసతి, తిండి, షటిళ్ళు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. మంచి ఈకల షటిల్ ఒక్కటే వంద రూపాయల పైమాట. గట్టిగా ఆడితే ఒక్క పూటకు రెండు మూడు పోతాయి.

అది వానలకు మా పత్తి మునిగిన ఏడు. నేను ఇంటర్ పాసై డిగ్రీలో చేరవలసిన ఏడు కూడా అదే. నాయన ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగి వచ్చాడు. రాత్రి అన్నాలు తినేటప్పుడు, "ఇద్దర్ని పట్నం పంపుడు నాతోటి గాదు. పెద్దోడు పోతడు" అన్నాడు. చెల్లె ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆమె చిన్నపిల్ల, ఊరుకుంది. నేను మాట్లాడి ఉండవలసింది. మాట్లాడలేదు.

అలా వచ్చి నేను ఈ కళాశాలలో కూర్చున్నాను. ఇక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే లాల్ బహదూర్ స్టేడియం ఉంది. ఒకప్పటి పేరు ఫతే మైదాన్. ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. కాని ఈ నగరం ఫుట్‌బాల్‌కు ఏమిచ్చిందో 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా నాకు తెలియదు. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఇక్కడి బడిపంతులు ఒకాయన ఉండేవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల బంగారు పతకాలు ఆయన శిక్షణలోనే వచ్చాయి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుది నాలుగో స్థానం. 1963లో ఆయన కాన్సర్‌తో చనిపోయాడు. ఆసియా క్రీడల్లో ఆ బంగారం మళ్ళీ మనకు రాలేదు. మా హాస్టల్లో పదిమందిని ఆయన పేరు అడిగితే ఇద్దరు చెప్పారు, వాళ్ళూ సినిమా చూసినవాళ్ళే.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. చప్పట్లు ఎన్ని కొట్టినా, వీరుడి వెనక మరొకడు నిలబడడానికి జాగా లేకపోతే ఆ పేరు సినిమా కథగా మిగిలిపోతుంది.

బాడ్మింటన్‌లో కథ వేరుగా నడిచింది. సైనా నెహ్వాల్ చిన్నతనంలో ఆట నేర్చుకున్నది ఈ లాల్ బహదూర్ స్టేడియంలోనే. తండ్రి వ్యవసాయ శాస్త్రవేత్త. రాజేంద్రనగర్ నుంచి తెల్లవారకముందే స్కూటరు మీద తీసుకువచ్చేవాడు. దారిలో పిల్ల నిద్రతో పడిపోతుందని తల్లి కూడా వెనక కూర్చునేది. 2001లో గెలిచి వచ్చిన గోపీచంద్ సన్మానాలతో సరిపెట్టుకోలేదు. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇస్తే, సొంత ఇల్లు తాకట్టు పెట్టి మరీ అకాడమీ కట్టాడు. 2008లో అది మొదలైంది. 2012లో లండన్‌లో సైనాకు కంచు, 2016లో సింధుకు వెండి దక్కాయి. అయిదెకరాలంటే మా పొలం కన్నా ఒక్క ఎకరం ఎక్కువ! రైతుబిడ్డను గనుక నాకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. ఆ నేలలో ఆ పంట పండింది.

ఇవాళ హైదరాబాదులో కాలనీ కాలనీకీ రేకుల షెడ్డు, లోపల ఆకుపచ్చ చాప, గంటకింత అద్దె. ఆఫీసు నుంచి వచ్చి బూట్లు మార్చుకుని ఆడేవాళ్ళు, పిల్లల బ్యాగులు మోస్తూ బయట కూర్చునే తల్లులు. ఒక్క మనిషి గెలుపు నగరం సాయంత్రాలనే మార్చేసింది.

మరి మా ఊరికో? స్కూటరు మీద రోజూ వచ్చిపోయే దూరం కాదు మాది. అయినా పూర్తిగా నిరాశపడను. 2022లో తొలిసారి థామస్ కప్ గెలిచిన భారత జట్టులో సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు. అతనిది అమలాపురం, తండ్రి వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడు. అక్కడినుంచి ఇక్కడికి దారి ఉందన్నమాట. ఇరుకు దారే, కాని ఉంది.

గత సంవత్సరం ఒక షెడ్డులో మిత్రుడి ఆట చూడడానికి వెళ్ళాను. మూలన ఒక అట్టపెట్టె నిండా వాడేసిన ఈకల షటిళ్ళు. పదహారు ఈకల్లో ఒకటో రెండో విరిగితే చాలు, పక్కన పడేస్తారు. ఈక విరిగితే గాలిలో దాని నడక తప్పుతుందని మా ఫిజిక్స్ పాఠం కూడా ఒప్పుకుంటుంది. కాని నేర్చుకునే చేతికి అదే బంగారం. అక్కడి కుర్రవాణ్ణి అడిగితే, "తీస్కపో అన్నా, ఎట్లాగూ పారేసేటియే" అన్నాడు. ఆ సంక్రాంతికి ఒక సంచీ నిండా ఇంటికి మోశాను.

చెల్లె వాటిని ఒక్కొక్కటే తీసి, ఈకలు సరిచేసి, బాగున్నవి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు పెట్టింది. ఆమె ఇప్పుడు సూర్యాపేటలో ఇంటర్ మొదటి సంవత్సరం. ఆదివారాలు కళ్ళంలో మళ్ళీ ముగ్గు వేసి ఊరి పిల్లలు ఎనిమిదిమందికి ఆట నేర్పుతోంది. నాయన ఈసారి చేపల వల తీసేసి, తనంత తానే సూర్యాపేట వెళ్ళి కొత్త నెట్ కొనుక్కొచ్చాడు. నాకు చెప్పలేదు. కాగితం సంగతి ఆయనా మరిచిపోలేదని నాకప్పుడు తెలిసింది.

మిత్రులారా, వచ్చే వార్షికోత్సవంలో మన క్రీడాకారులను సన్మానించుకుందాం, దండలూ వేద్దాం. తప్పు లేదు. దండలకు పెట్టేదానిలో కొంత తీసి ఏదైనా ఒక పల్లె బడిలో గుంటెడు జాగా చదును చేయిస్తే మన యూనియన్ పేరు దండలకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. అది పెద్ద మాట అనుకుంటే చిన్నది చెబుతాను. మీరు ఆడేచోట వాడేసిన షటిళ్ళుంటే పారేయకండి, హాస్టల్లో నాకు ఇవ్వండి. నిన్న కూడా ఫోన్ వచ్చింది, "అన్నా, వచ్చేటప్పుడు ఎక్కువ తే. ఇంకో ముగ్గురు పిల్లలు చేరిండ్రు" అని.

— ఒక విద్యార్థి, బి.ఎస్సి. తృతీయ సంవత్సరం